బరువు తగ్గించే సర్జరీకి మీ బరువు చాలదన్నారా? అయితే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి

"ఇంకో ఏడు కిలోలు పెరిగి రండి మేడమ్, ఇన్సూరెన్స్ వచ్చేస్తుంది."

ఈ మాట అన్నది డాక్టరు కాదు. ఒక ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు. వెటకారం కూడా కాదు, సాయం చేస్తున్నట్టే అన్నాడు. మా అక్క మాత్రం ఆ మాటను మనసుకు పట్టించుకుంది. తిరిగొస్తుంటే మిఠాయి కొట్టు ముందు కారు ఆపమంది. "ఎలాగూ పెరగాలిగా, ఒరేయ్" అంది.

అక్కకి 47 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 81 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగరు, నాలుగేళ్లుగా బీపీ. మోకాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కడుపు సంచిని చిన్నది చేసి బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుందామని ధైర్యం కూడగట్టుకుని వెళ్తే "మీకు బరువు చాలదు" అన్నారు. జీవితమంతా బరువు ఎక్కువ అనిపించుకున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ కుర్రాడి సలహా పాటించకండి. షుగరు, బీపీ, లివర్‌లో కొవ్వు ఉన్న ఒంటికి ఇంకో ఏడు కిలోలు ఎక్కించడమంటే జబ్బును చేతులారా పెంచుకోవడమే. పైగా మన బీమా నిబంధనల్లోనే, చిన్న పద్ధతులన్నీ ప్రయత్నించి అవి పనిచేయకపోతేనే సర్జరీకి డబ్బు ఇవ్వాలని ఉంది. అంటే కింద చెప్పబోయేవి ఎలాగూ చేయాల్సినవే. చేసి, కాగితం మీద పెట్టుకోవాల్సినవే.

మొదటి పని: మీరు ఏ లెక్కలో తప్పారో కనుక్కోండి

ఎత్తుతో పోలిస్తే బరువు ఎంతుందో చెప్పే అంకె బీఎంఐ. దాని లెక్క తేలికే. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. అక్కది 81ని 1.58తో ఒకసారి, మళ్లీ 1.58తో ఇంకోసారి భాగిస్తే 32.4.

చిక్కంతా ఆ 32.4 ఎవరి పుస్తకంలో ఎలా కనిపిస్తుందన్న దగ్గరే. బీమా కంపెనీల పుస్తకం ఒకటి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, దాంతోపాటు అదుపులో లేని టైప్ 2 షుగరు, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ అప్నియా లాంటిది ఏదో ఒకటి ఉండాలి. సర్జన్ల పుస్తకం వేరు. 2022లో బేరియాట్రిక్ సర్జన్ల పెద్ద సంఘాలు రెండు కలిసి పాత లెక్కలు మార్చాయి. 35 దాటితే వేరే జబ్బులు ఉన్నా లేకున్నా సర్జరీ సూచించవచ్చని, 30 నుంచి 35 మధ్య ఉండి షుగరు లాంటి జబ్బులుంటే ఆలోచించవచ్చని, ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆ దారి తెరవవచ్చని చెప్పాయి. మనకు తక్కువ గీత ఎందుకంటే, అదే బీఎంఐ దగ్గర తెల్లవాళ్ల కంటే మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట లోపల చేరే కొవ్వు. అందుకే మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద లెక్కగడతారు.

ఈ లెక్కన అక్క ఒంటికి అర్హత ఉంది, పాలసీకే లేదు. మీరూ ముందు ఇది తేల్చుకోండి. "చాలదు" అన్నది సర్జనా, కౌంటరా? షుగరు మందులతో లొంగకుండా ఉండి, బీఎంఐ 27.5 దాటి ఉంటే ఇంకో సర్జన్ దగ్గరికి, వీలైతే ముందు ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోండి. చేతి డబ్బుతో చేయించుకోగలిగితే అది వేరే కథ. నిజంగానే అర్హత లేదంటే, లేదా ఉన్నా డబ్బు లేదంటే, ఈ వ్యాసం మీకే.

ఇంకో కొలత కూడా రాసుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి వదిలాక నడుము కొలవండి. పొట్ట బిగబట్టకండి, ఎవరూ చూడట్లేదు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం వైపు ఉన్నట్టే. తూకం కదలని వారాల్లో కూడా ఈ టేపు కదులుతుంది. అప్పుడు అదే ధైర్యం ఇస్తుంది.

రెండో పని: బరువు ఎటు నుంచి వచ్చిందో వెతకండి

తిండి సంగతి తర్వాత. ముందు మీ మందుల డబ్బా బోర్లించండి. షుగరుకు వాడే గ్లిమిపిరైడ్, పయోగ్లిటజోన్, ఇన్సులిన్ బరువు పెంచుతాయి. ఆస్తమాకో కీళ్లకో నెలల తరబడి మింగే స్టెరాయిడ్లు, మానసిక జబ్బులకు ఇచ్చే ఓలాంజపైన్, ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్, తలనొప్పికీ నిద్రకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, కొన్ని పాతకాలపు బీపీ బిళ్లలు కూడా అంతే. వీటిని సొంతంగా ఆపకండి. స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. "బరువు పెంచని మందు దీనికి బదులు ఏదైనా ఉందా?" అని డాక్టర్ని అడగండి. చాలాసార్లు ఉంటుంది. మనం అడగం, అంతే.

పరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), కొలెస్ట్రాల్, లివర్, కిడ్నీ, బీ12, పొట్ట స్కానింగ్ చాలు. అమ్మాయిలకు నెలసరి సరిగా రాకపోతే పీసీఓడీ చూడాలి. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్లు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. నిద్ర సరిగా లేని ఒంటికి ఆకలి ఎక్కువ. ఒక మాట, థైరాయిడ్ మీద మరీ ఆశలు పెట్టుకోకండి. అది సరిగా లేకపోవడం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. ఇరవై కిలోలకు దాన్ని నిందించలేం.

మూడో పని: తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పండి

ఇది మేం చేయలేదు. అక్క అన్నం సగం చేసి అయిదో రోజు. పొద్దున్న పదకొండు గంటలప్పుడు వంటింట్లో కూరగాయలు తరుగుతూ "చేతులు వణుకుతున్నాయిరా" అంది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. మొహం పాలిపోయింది. గ్లూకోమీటర్ పెడితే 62. 70 కంటే తగ్గితేనే లో షుగరు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 94కి వచ్చింది. కారణం చిన్నదే. అన్నం సగమైంది, గ్లిమిపిరైడ్ మాత్రం పాత మోతాదులోనే ఉంది. డాక్టరు దాన్ని సగం చేశాడు, తర్వాత పూర్తిగా మానిపించాడు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మార్చే ముందే మోతాదు సంగతి మాట్లాడుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు బిళ్లలు వేసుకునేవాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేసే కీటో డైట్‌ల జోలికి పోకూడదు. షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) చేరి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది. లేవగానే కళ్లు తిరిగితే బీపీ బిళ్ల మోతాదు కూడా చూపించుకోండి.

నాలుగో పని: కంచం

తెలుగు కంచంలో అసలు ముద్దాయి నెయ్యీ కాదు, ఆవకాయా కాదు, మారు వడ్డన. పప్పుతో కొంచెం, కూరతో కొంచెం, చారుతో కొంచెం, పెరుగుతో కొంచెం. ప్రతిసారీ కొంచెమే. "నాలుగు ముద్దలేగా" అంటుంది అక్క. ఒకరోజు ఆమెకు తెలియకుండా అన్నం గిన్నెను భోజనానికి ముందూ తర్వాతా తూకం మీద పెట్టాను. 410 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు. అంటే ఒక్క పూట అన్నమే 530 కేలరీలు, రెండు పూటలకు వెయ్యి దాటింది. ఆ అంకె చూపిస్తే అక్క ముందు తూకం చెడిపోయిందంది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే గిన్నె తెచ్చి తూకం మీద పెట్టింది.

మేం చేసింది ఇది. పూటకు 200 గ్రాముల అన్నం పట్టే స్టీలు గిన్నె ఒకటి ఎంచుకున్నాం. అన్నం దాంతో ఒక్కసారే కంచంలోకి వస్తుంది, ఆ తర్వాత అన్నం గిన్నె బల్ల మీద ఉండదు. ముందు కూర, పప్పు చెంచాతో వట్టిగానే సగం తినేయాలి. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు కాబట్టి దాని వాటా దాచిపెట్టి, మధ్యలో చారు అన్నం ఎత్తేశాం. చారు గ్లాసులో తాగడమే. ఈ ఒక్క మార్పుతో రోజుకు 500 కేలరీలకు పైగా తగ్గాయి. రోజుకు 500 తగ్గితే మొదటి నెలల్లో వారానికి దాదాపు అరకిలో దిగుతుంది. తర్వాత ఒళ్లు సర్దుకుని నెమ్మదిస్తుంది.

అన్నం తగ్గించిన చోట మాంసకృత్తులు చేరకపోతే నాలుగు గంటలకే ఆకలి, ఆ ఆకలికి జంతికలు. అక్కకు రోజుకు 60 గ్రాములు దాటేలా చూసుకున్నాం. రెండు గుడ్లకు 12 గ్రాములు, 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లకు 14, చిక్కటి పప్పు ఒక గిన్నెకు 7, కప్పు పెరుగుకు 7, పాతిక గ్రాముల మీల్‌మేకర్‌కు 13. మిగతాది అన్నం, కూరల్లోంచి వస్తుంది. అంటే మాంసం వండని రోజు కూడా లెక్క కుదురుతుంది. ఉలవలు, సెనగలు, చేప, చికెన్ ఏవైనా వేసుకోవచ్చు. పెసరట్టులో ఉప్మా పెట్టి చుట్టూ నూనె వదిలితే మాత్రం అది వేరే వంటకం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాంసకృత్తుల మోతాదు డాక్టర్ని అడిగే పెంచాలి.

నూనెకు ఒక చిట్కా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు మనిషికి దాదాపు 27 గ్రాముల నూనె సరిపోతుందంటాయి. నెలకు లెక్కేస్తే మనిషికి ఇంచుమించు ఒక లీటరు ప్యాకెట్. బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఇంకా తక్కువ. ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద స్కెచ్ పెన్నుతో తారీఖు వేయండి. నలుగురున్న ఇంట్లో అయిదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండా అయిపోతుంటే దొంగ దొరికినట్టే. ఆవకాయలో తేలే నూనె ఈ లెక్కలోకే వస్తుంది, మర్చిపోకండి.

ఇక జొన్న, రాగి, కొర్రలు. మంచివే. పీచు ఎక్కువ కాబట్టి తొందరగా కడుపు నిండుతుంది, షుగరు నెమ్మదిగా ఎక్కుతుంది. కానీ గ్రాముకు గ్రాము కేలరీలు బియ్యంతో దాదాపు సమానమే. కొర్రలన్నం కదా అని మూడుసార్లు వడ్డించుకుంటే ఫలితం సున్నా. బెల్లం వేసిన రాగి జావ కూడా అంతే, అది పాయసానికి వేలు విడిచిన చుట్టం. రోజుకు మూడు టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార అంటే 30 గ్రాముల పంచదార, 120 కేలరీలు. తినకుండానే.

పెళ్లిళ్లు, పండగలు వస్తాయి. సంక్రాంతికి అరిసె తినకుండా ఉండమని చెప్పే డైట్ చార్ట్ మన ఇళ్లలో నెలకు మించి నిలబడదు. తిన్న రోజు తిన్నదని రాసుకుని మర్నాడు గిన్నె దగ్గరికి రావడమే. డబ్బాలో మిగిలిన అరిసెలు మాత్రం ఎవరికైనా పంచేయండి.

అయిదో పని: కదలిక

నడక మాత్రమే బరువు తగ్గించదు. గంట నడిచినా ఖర్చయ్యేది రెండు మూడు మైసూర్ బజ్జీల కేలరీలే. అయినా చేయాలి, ఎందుకంటే తగ్గిన బరువును నిలబెట్టేది అదే. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత వేగంతో. భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే షుగరు మీద నేరుగా పనిచేస్తుంది. మోకాళ్లు సహకరించకపోతే ఈత, సైకిల్, లేదా కూర్చునే చేసే వ్యాయామాలు. వారంలో రెండు మూడు రోజులు కండకు పని పెట్టాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తడం. లేదంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అరవై దాటినవాళ్లకు అది మరీ ప్రమాదం.

ఆరో పని: మూడు నెలల తర్వాత నిజాయితీగా లెక్క చూసుకోండి

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక తూకం. రోజూ వద్దు, టెన్షన్ తప్ప ఇంకేం రాదు.

మూడు నెలల్లో మొదటి బరువులో 5 శాతం తగ్గితే దారి సరైనదే. 81 కిలోలకు 5 శాతం అంటే నాలుగు కిలోలు. తక్కువగా అనిపిస్తుంది గానీ చిన్నది కాదు. అమెరికాలో 2002లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మనవాళ్ల మీద చేసిన పరిశోధనలో, 2006లో చెప్పిన ప్రకారం, అది 28.5 శాతం. ఆ రెండో దాంట్లో గమ్మత్తేమిటంటే, బరువు పెద్దగా తగ్గకపోయినా లాభం కనిపించింది. కాబట్టి తూకం ఒక్కటే చూడకండి. హెచ్‌బీఏ1సీ, నడుము, బీపీ పక్కపక్కనే రాసుకోండి.

నిజంగా పాటించినా మూడు నుంచి ఆరు నెలల్లో 5 శాతం కూడా దిగకపోతే అది మీ మనోబలం లోపం కాదు. బరువు తగ్గడం మొదలవగానే ఆకలి హార్మోన్లు పెరుగుతాయి, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. మందుల గురించి మాట్లాడాల్సిన సమయం అదే.

ఏడో పని: మందులు, ఇంజెక్షన్లు

సర్జరీకి బరువు చాలని చాలామందికి ఇవి సరిపోతాయి. బరువు తగ్గించే మందులకు బీఎంఐ 30 ఉంటే చాలు, లేదా 27 ఉండి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ లాంటిది ఒకటి ఉంటే చాలు.

పాతది ఓర్లిస్టాట్. 120 మి.గ్రా. గుళిక భోజనంతో రోజుకు మూడుసార్లు. తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం ఒంటికి పట్టకుండా బయటికి పంపేస్తుంది. ఫలితం కొద్దిగానే. నూనె వంటలు తిని ఇది వేసుకుంటే ఆ నూనె చెప్పాపెట్టకుండా బట్టల మీదికి వస్తుంది. ఒక రకంగా అదే దాని క్రమశిక్షణ. వాడితే రాత్రి పడుకునేముందు మల్టీవిటమిన్ వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ షుగరు బిళ్లే, దాంతో తగ్గేది మహా అయితే రెండు మూడు కిలోలు.

అందరూ మాట్లాడుతున్నవి వారానికో ఇంజెక్షన్. మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ 2025 జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చాయి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మెదడుకు "చాలు" అన్న సంకేతం ముందే అందుతుంది. పెద్ద పరిశోధనల్లో సెమాగ్లూటైడ్ 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం, టిర్జెపటైడ్ 72 వారాల్లో మోతాదును బట్టి 15 నుంచి 21 శాతం బరువు తగ్గించాయి. షుగరు ఉన్నవాళ్లలో ఇంతకంటే కాస్త తక్కువే తగ్గుతుంది. 81 కిలోల మనిషికి 15 శాతం అంటే 12 కిలోలు.

మొదలుపెట్టే ముందు డబ్బు లెక్క వేసుకోండి. మౌంజారో వచ్చిన కొత్తలో వారానికి సరిపడే 2.5 మి.గ్రా. వయల్ (చిన్న మందు సీసా) 3,500 రూపాయలు, 5 మి.గ్రా. వయల్ 4,375. నెలకు పద్నాలుగు వేల నుంచి పదిహేడున్నర వేలు. సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చితో ముగియడంతో దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. కాబట్టి ఏ పేరుతో ఎంతకు వస్తుందో మందుల షాపులో ఆ రోజు ధర అడగండి. ఒక నెల ధర కాదు, కనీసం ఏడాది ధర. ఎందుకంటే ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని తేలింది. అప్పు చేసి మూడు నెలలు వాడి మానేయడం కంటే ఆ డబ్బుతో గుడ్లు, చేపలు కొనుక్కోవడం నయం.

మోతాదు విషయంలో తొందర పనికిరాదు. టిర్జెపటైడ్ 2.5తో మొదలవుతుంది. ఆ మోతాదు బరువు తగ్గించడానికి కాదు, కడుపును అలవాటు చేయడానికి. నాలుగు వారాలయ్యాక 5. ఆ తర్వాత అవసరమైతే కనీసం నాలుగు వారాలకోసారి మెట్టు. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మొదట్లో మామూలే. చిన్న చిన్న ముద్దలు, నూనె తగ్గించిన తిండి, కడుపు నిండగానే ఆపేయడం. పెళ్లి భోజనం ముందు రోజు ఇంజెక్షన్ పెట్టుకున్న మా స్నేహితుడు ఒకడు ఆ రోజంతా విస్తరి దగ్గర కంటే కల్యాణమండపం వెనకే ఎక్కువ గడిపాడు.

వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ మందులు వద్దు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడుతూ గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లు మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లు ముందు కంటి రెటీనా చూపించుకోవాలి. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే ముందు ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పాలి.

మన ఎండల సంగతి ఇంకొకటి. మౌంజారో వయల్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట 30 డిగ్రీలు మించకుండా 21 రోజుల వరకే నిలుస్తుంది. మే నెలలో బెజవాడలో వేడి 30 డిగ్రీలు తేలిగ్గా దాటుతుంది. కొనేటప్పుడు చల్లటి పౌచ్ తీసుకెళ్లండి. ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్‌కు ఆనుకుని పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే. వాట్సాప్ గ్రూపుల్లో పొట్లాం కట్టి పంపేవాళ్ల దగ్గర కొనకండి. అది ఏ ఎండలో ప్రయాణించి వచ్చిందో, లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

ఎనిమిదో పని: కోత లేని పద్ధతులు తెలుసుకోండి

మందుకూ సర్జరీకీ మధ్యలో రెండున్నాయి. ఒకటి గ్యాస్ట్రిక్ బెలూన్. ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి గొట్టం పంపి, కడుపులో బెలూన్ పెట్టి నాలుగు నుంచి ఏడు వందల మి.లీ. నీళ్లతో నింపి, ఎక్కువ రకాలను ఆరు నెలలకు తీసేస్తారు. మింగే రకం కూడా ఉంది, అది దాదాపు నాలుగు నెలలకు తనే చితికి బయటికి పోతుంది. మొదటి మూడు నుంచి అయిదు రోజులు వాంతులు, కడుపునొప్పి గట్టిగానే ఉంటాయి. ఆ వారం సెలవు పెట్టుకోండి. బరువు పదో వంతు దాకా తగ్గవచ్చు. తీసేశాక పాత తిండికి వెళ్తే పాత బరువే. గతంలో కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇది కుదరకపోవచ్చు.

రెండోది ఎండోస్కోపిక్ స్లీవ్. నోట్లోంచి పంపిన గొట్టంతోనే కడుపు లోపల కుట్లు వేసి సంచిని సన్నం చేస్తారు. పొట్ట మీద గాటు ఉండదు. బీఎంఐ 30 నుంచి 40 మధ్య ఉన్నవాళ్ల మీద చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో ఏడాదికి సగటున 13.6 శాతం బరువు తగ్గింది. అంటే సరిగ్గా మనలాంటివాళ్ల కోసమే. చేయించుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మీరు ఇప్పటికి ఎన్ని చేశారు? రక్తస్రావమైతే రాత్రి పూట ఎవరు చూస్తారు? ఏడాది పాటు డైటీషియన్ ఫాలోఅప్ ఈ ప్యాకేజీలోనే ఉందా? జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు. చర్మం కింది కొవ్వు తీస్తుంది, జబ్బులు తెచ్చే పొట్ట లోపలి కొవ్వు అక్కడే ఉంటుంది. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే మూలికల పొడులు మరీ ప్రమాదం. గుండెకు ముప్పని 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్ అనే మందు ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి 'సహజ' పొడుల్లో పదేపదే దొరుకుతోంది. పొడి నిజంగానే పనిచేస్తుంటే ఇంకా ఎక్కువ భయపడండి.

తొమ్మిదో పని: ఒక ఫైలు

మొదటి రోజు నుంచే ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి పెట్టండి. వారం వారం తూకం, నడుము, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, డైటీషియన్ చీటీలు, మందుల బిల్లులు, డాక్టరు "ప్రయత్నించారు, ఫలితం ఇంత" అని రాసిన కాగితం. రేపు సర్జరీ అవసరమే అయితే సర్జనూ బీమా కంపెనీ అడిగేది ఈ కాగితాలనే. అవసరం పడకపోతే మరీ మంచిది.

అక్క ఫైల్లో ఆరు నెలల దగ్గర ఉన్న అంకెలు ఇవి: 74 కిలోలు, బీఎంఐ 29.6, హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 7.1. ఇంజెక్షన్ ఇంకా మొదలుపెట్టలేదు. అయిదో నెల నుంచి తూకం కదలట్లేదని, వచ్చే అపాయింట్‌మెంట్‌లో దాని గురించి అడుగుతానంటోంది. ఏడాది ఖర్చు ఎంతవుతుందో ఫోల్డర్ వెనక అట్ట మీద తనే కూడి పెట్టుకుంది. 200 గ్రాముల గిన్నె మాత్రం మా బావ అప్పుడప్పుడూ మార్చేస్తున్నాడు. అందుకని దాని అడుగున నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టింది.